మీ నాయనకు అక్కచెల్లెండ్లు ఎంతమంది?

ఇల్లు అమ్మాలని పిలిస్తే బ్రోకరు మొదట ఏమడుగుతాడు? ఎన్ని సెంట్లు, ముందు రోడ్డు ఎన్ని అడుగులు, ఎంత చెప్తున్నారు... ఇవే కదా. శాంతిపురంలో మా అవ్వ ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు ఒకాయన వచ్చి ఇవేవీ అడగలేదు. అరుగు మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన టీ తాగి, "మీ నాయనకు అక్కచెల్లెండ్లు ఎంతమంది ఉండారు ప్పా?" అన్నాడు.

నాయన మొహం మాడిపోయింది. ఆయన వెళ్ళగానే, "ఇల్లు అమ్మేదానికి వచ్చినాడా, సంబంధం మాట్లాడేదానికి వచ్చినాడా?" అని కసురుకున్నాడు. నాకూ అప్పుడు అలాగే అనిపించింది. ఎందుకంటే అంతకు వారం ముందు వచ్చిన బ్రోకరు మాకు బాగా నచ్చేశాడు.

ఆయన కారులో వచ్చాడు. ఫోన్లో మ్యాపు తెరిచి ఒక్క గుక్కలో అన్నీ చెప్పేశాడు. ముఖ్యమంత్రి మన మండలంలోనే శివపురంలో ఇల్లు కట్టుకుని 2025 మేలో గృహప్రవేశం చేశారు, హంద్రీ-నీవా నీళ్ళు కుప్పం దాకా వచ్చేశాయి, రేపో మాపో ఎయిర్‌పోర్టు... "ఇప్పుడు అమ్మితేనే రేటు సార్" అన్నాడు. బెంగళూరు పార్టీ రెడీగా ఉందట. 28 లక్షలు. రేపే 2 లక్షలు క్యాష్ అడ్వాన్స్. నాయన ఒక అగ్రిమెంటు మీద సంతకం పెట్టి, తన పేరున జీపీఏ ఇచ్చేస్తే మిగతాదంతా తనే చూసుకుంటాడట.

చెల్లి కాలేజీ ఫీజు కట్టాల్సిన గడువు దగ్గరపడింది. బెంగళూరులో నా జీతం అద్దెకూ, బండి ఈఎంఐకీ సరిపోతోంది. 2 లక్షలు అనగానే ఇంట్లో అందరి కళ్ళూ మెరిశాయి. నిజం చెప్తున్నా, నావి కూడా.

మరి రెండో ఆయన అడిగిన ప్రశ్న ఎందుకు వదల్లేదంటే, దానికి మా దగ్గర జవాబు ఉంది. మా నాయనకు ఒక అక్క ఉంది. కేజీఎఫ్ దగ్గర ఒక ఊర్లో ఉంటుంది. అవ్వ చనిపోయిన రోజు బంగారం మీద మాటా మాటా పెరిగి, ఆరేళ్ళుగా రాకపోకల్లేవు.

ఆ ఇల్లు అవ్వ పాలు అమ్మిన డబ్బుతో కొన్నది. దస్తావేజు ఆమె పేరు మీదే ఉంది. వీలునామా రాయలేదు. తాత అంతకు ముందే పోయాడు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఇలాంటి ఆస్తి కొడుక్కీ కూతురికీ సమానంగా వస్తుంది. కూతురికి పెళ్ళయి ఎన్నేళ్ళయిందన్నది లెక్కలోకి రాదు. అంటే సగం ఇల్లు అత్తది. ఈ సంగతి మొదటి బ్రోకరుకు చెప్తే నవ్వేశాడు. "ఆమె పేరు ఈసీలో లేదు కదా సార్, ఎవరికి తెలుస్తుంది?"

ఇక్కడే మనలాంటివాళ్ళం పడిపోతాం. ఫోన్లో ఈసీ తీసేసి, "క్లియర్‌గా ఉంది" అని గ్రూపులో పెట్టేస్తాం. ఈసీలో కనిపించేది రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. అమ్మకం, తనఖా, దానపత్రం లాంటివి. వారసులెవరో అందులో ఉండదు. రిజిస్టర్ చేయని అగ్రిమెంట్లు ఉండవు. కాబట్టి అత్త ఈసీలో కనిపించదు. కోర్టులో మాత్రం కనిపిస్తుంది.

ఆమె పార్టిషన్ దావా వేస్తే ఎవరిని పట్టుకుంటారు? అగ్రిమెంటు మీద సంతకం పెట్టిన నాయనను. బ్రోకరు పేరు ఆ కాగితం మీద ఎక్కడా ఉండదు. పైగా జీపీఏ. జీపీఏతో చేసే అమ్మకాల వల్ల యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చేసింది. కానీ అది చేతిలో ఉన్నవాడు మన పేరుతో ఎన్ని కాగితాలైనా పుట్టించగలడు. ఇక క్యాష్ అడ్వాన్స్ సంగతి. స్థిరాస్తి అమ్మకానికి 20,000 రూపాయలు, అంతకు మించి నగదు తీసుకోకూడదని ఆదాయపన్ను చట్టం చెప్తోంది. తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా పడొచ్చు. అది కూడా తీసుకున్నవాళ్ళకే, అంటే మనకే.

"లైసెన్స్ ఉన్న ఏజెంటును పట్టుకుంటే సరిపోదా?" అని మా ఫ్రెండు అడిగాడు. సగం సరిపోతుంది. 2016 రెరా చట్టం ప్రకారం రిజిస్టరైన ప్రాజెక్టులో ప్లాటుగానీ ఫ్లాటుగానీ అమ్మించే ఏజెంటుకు రెరా నంబరు ఉండాలి. లేకుండా అమ్మితే రోజుకు 10,000 చొప్పున, ఆస్తి విలువలో 5 శాతం దాకా జరిమానా. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్లో ప్లాటు చూపిస్తున్నారంటే నంబరు అడగండి, ఏపీ రెరా సైటులో సరిచూడండి. కానీ అవ్వ ఇల్లు లాంటి పాత ఇంటిని ఒకరి నుంచి ఒకరు కొనుక్కునే చోట ఆ నంబరు తప్పనిసరి కాదు. మన పల్లెల్లో, చిన్న టౌన్లలో చాలా బేరాలు ఇవే. ఇక్కడ చట్టం బ్రోకరును మన కోసం వడగట్టదు. మనమే వడగట్టుకోవాలి.

ఎలా? నాకు తెలిసిన పరీక్ష ఒక్కటే. ఆయన చెప్పే మాటలు కాదు, అడిగే ప్రశ్నలు లెక్కపెట్టండి.

అమ్మేటప్పుడు మంచి బ్రోకరు అడిగేవి: ఒరిజినల్ దస్తావేజు ఎక్కడుంది? ఎవరి పేరు మీద? వాళ్ళు ఉన్నారా, పోయారా? ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీశారా? బ్యాంకులో ఏమైనా పెట్టారా?

కొనేటప్పుడు ఇవే ప్రశ్నలు మన తరఫున అమ్మేవాళ్ళను అడగాలి. ఇంకో రెండు కూడా: డీకేటీ పట్టా భూమా? 22-ఏ నిషేధిత జాబితాలో ఉందా? "అవన్నీ నేను చూసుకుంటా, మీరు అడ్వాన్స్ ఇవ్వండి" అన్నాడా, లేచి రండి.

కమీషన్ సంగతి మొదటే తేల్చుకోండి. ఎంత శాతం, అవతలివైపు నుంచి కూడా తీసుకుంటున్నాడా, ఎప్పుడివ్వాలి. మొహమాటపడకుండా వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. మా రెండో ఆయన తనే చెప్పాడు: "ఒక పర్సెంటు. రిజిస్ట్రేషన్ అయిన దినం ఇయ్యండి. కాకపోతే వద్దు."

ఆదివారం నాయనను బండి మీద ఎక్కించుకుని అత్త ఇంటికి వెళ్ళాను. దారంతా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. అత్త తలుపు తీసి, కాసేపు చూసి, "రేయ్, ఎంత చిక్కిపోయినావురా" అంది. నాయన అక్కడే గుమ్మంలో ఏడ్చేశాడు.

సంగతి చెప్పాం. "సంతకం పెడతాలే. ఆరేండ్లుగా చూస్తా ఉండాను, చెప్పి అమ్ముతారో చెప్పకుండా అమ్ముతారో అని" అంది. మేము చెప్పకుండా అమ్మడానికి ఎంత దగ్గరకు వెళ్ళామో ఆమెకు చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది. తెలియనీ.

ఇల్లు 25 లక్షలకు పోయింది. కొన్నది ఊర్లో పనిచేసే ఒక టీచరమ్మ. డబ్బంతా బ్యాంకులోనే. సగం అత్తకు. మా చేతికి వచ్చింది పన్నెండున్నర లక్షలే. 28 ఎక్కడ, ఇది ఎక్కడ? చెల్లి ఫీజు గడువు దాటాక ఫైన్‌తో కట్టాం.

రిజిస్ట్రేషన్ రోజు నాయన, అత్త పక్కపక్కన నిలబడి వేలిముద్రలు వేశారు. బయటికొచ్చాక బ్రోకరన్నకు కమీషన్ పంపించి, "మొదటి రోజే ఆ ప్రశ్న ఎందుకడిగినావన్నా?" అన్నాను.

"రేటు ఎవురైనా చెప్తారు ప్పా. రేపు ఎవురూ మీ ఇంటి మిందికి రాకూడదు కదా" అన్నాడు.