ధ్వనియే బలమా?

అమెరికాదేశమునందు పాత పికప్ ట్రక్కులను బాగుచేసికొని నడుపువారు పెక్కుమంది కలరు. 1960 దశకపు షెవ్రోలే సీ-10 బండి వారికి మిక్కిలి ప్రియమైనది. దాని ఆఱు సిలిండర్ల యంత్రమును తీసి, 350 క్యూబిక్ అంగుళముల వీ-8 యంత్రమును అమర్చుట వారిలో పరిపాటి. ఈ యుత్సాహమును మేము నిందింపము. పాతవస్తువును పారవేయక స్వహస్తములతో బాగుచేసికొనుట మెచ్చదగినదే.

కాని ధ్వనియే బలమని భ్రమించుట తగదు. కాలిన వాయువు సులభముగా వెలికిపోవునట్లు తగిన గొట్టముల నమర్చినచో యంత్రమునకు కొంత బలము చేకూరును. ధ్వనిని అణచు మఫ్లరును ఊడబెఱికినచో ఇరుగుపొరుగువారి నిద్ర చెడుట నిశ్చయము. బలము పెరుగుట నిశ్చయము గాదు.

అంతకంటె ముఖ్యమగు విషయ మొకటి కలదు. 1971వ సంవత్సరపు నమూనా వచ్చువఱకు ఈ బండ్లకు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే పరిపాటి. ముందు చక్రములకు డిస్కు బ్రేకులు ఆ నమూనాతోనే నియతముగా వచ్చినవి. వేగము రెండింతలైనచో బ్రేకులు హరింపవలసిన శక్తి నాలుగింతలగును. గుఱ్ఱమును మార్చి పాతకళ్లెమునే యుంచుట వివేకమా? కావున బలము కోరువాడు మొదట బ్రేకులను బాగుచేయవలెను, పిమ్మట యంత్రమును, ధ్వని మాట చిట్టచివర. వీధి బండివాని సొత్తు గాదు. అందు నడచు బిడ్డల ప్రాణములకు అతడు బాధ్యుడు.