ఒక్క మీటతో మారే లక్షల పేర్లు

ప్రభుత్వ కార్యాలయాలలో కాగితపు రిజిస్టర్లు నడిచిన రోజులలో ఒక పేరును కొట్టివేయడానికి ఒక పద్ధతి ఉండేది. గుమాస్తా ఆ పేరు మీద ఎర్ర సిరాతో ఒక్క గీత గీసేవాడు. గీత కింద పాత పేరు చదవడానికి వీలుగానే మిగిలేది. పక్కన ఉత్తర్వు సంఖ్య, తేదీ, పై అధికారి పొట్టి సంతకం ఉండేవి. బ్లేడుతో గీకి చెరిపిన చోటు కనిపిస్తే తనిఖీకి వచ్చిన అధికారి ముందుగా దానినే పట్టుకునేవాడు. ఆ కాలంలో జాప్యం ఉండేది, లంచం ఉండేది, పక్షపాతమూ ఉండేది. అది స్వర్ణయుగమని మేము చెప్పబోవడం లేదు. అయితే ఒక గుమాస్తా ఒక రోజులో ఎన్ని పేర్లు కొట్టివేయగలడో దానికి ఒక హద్దు ఉండేది. ఎవరి పేరు, ఎవరు, ఎందుకు కొట్టివేశారో ఆ పుటే చెప్పేది.

నేడు ఆ హద్దు లేదు. రేషన్ కార్డులు, ఓటర్ల జాబితాలు, పింఛన్లు, భూమి ఖాతాలు అన్నీ కంప్యూటర్ పట్టికలుగా మారాయి. ఈ పట్టికలలో ఒక్కొక్క వరుసను విడిగా దిద్దవలసిన పని లేదు. ‘ఫలానా పట్టికలో, ఫలానా షరతుకు సరిపోయిన వరుసలన్నిటిలో, ఫలానా గడిని ఇలా మార్చు’ అని ఒక్క వాక్యంలో ఆదేశించవచ్చు. దీనినే అప్‌డేట్ ఆదేశం అంటారు. షరతు రాయడం మరచిపోతే పట్టికలోని వరుసలన్నీ మారిపోతాయి. అది వెంటనే బయటపడుతుంది కనుక కొంత నయం. షరతు ఉండి, అది తప్పు షరతు అయినప్పుడే అసలు ప్రమాదం. మారినవి కొన్ని వేలో, కొన్ని లక్షలో ఉంటాయి. మిగిలినవి చెక్కుచెదరకుండా ఉంటాయి. కార్యాలయంలో ఎవరికీ ఏ తేడా కనిపించదు. తేడా తెలిసేది రేషన్ దుకాణం ముందు నిలబడిన మనిషికి మాత్రమే.

ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. తెలంగాణలో 2016 నుంచి సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయిన వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వివిధ శాఖల రికార్డులను జోడించి, ఈ కుటుంబానికి వాహనం ఉన్నదనీ, ఆ కుటుంబానికి ఆస్తి ఉన్నదనీ కంప్యూటర్ తేల్చింది. దాని ఆధారంగా కార్డులు రద్దు చేశారు. ముందుగా నోటీసు లేదని, ఇంటికి వచ్చి విచారించిన వారు లేరని పిటిషన్ వేసినవారి ఫిర్యాదు. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో న్యాయస్థానం రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. ముందు జరగవలసిన విచారణ అన్ని సంవత్సరాల తర్వాత, అదీ సుప్రీంకోర్టు ఆజ్ఞ మీద జరగవలసి వచ్చింది. ఈలోగా ఆ ఇళ్లలో పొయ్యి ఎలా వెలిగిందన్న లెక్క ఏ పట్టికలోనూ లేదు.

ఓటర్ల జాబితాల సంగతీ ఇలాంటిదే. జాబితాల ప్రక్షాళన పేరిట 2015 మార్చిలో ఎన్నికల సంఘం ఆధార్‌ను జతపరిచే కార్యక్రమం మొదలుపెట్టింది. సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు వల్ల ఆ ఏడాది ఆగస్టులో దానిని నిలిపివేసింది. 2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభ ఎన్నికల రోజున ఓటరు కార్డు చేతిలో ఉండి కూడా జాబితాలో పేరు లేక వెనుదిరిగిన వారు ఎందరో. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. క్షమాపణ చెప్పడం మర్యాదే, కాదనము. కానీ ఆనాటి ఓటు మళ్లీ వచ్చేది కాదు గదా!

ఇక్కడ పాఠకులు గమనించవలసిన విషయం ఒకటున్నది. లక్షల వరుసలను ఒకేసారి మార్చడం ఎంత ప్రమాదకరమో ఆ పని చేసే ఇంజినీర్లకు బాగా తెలుసు. అందుకే వారి వృత్తిలో కొన్ని కట్టుబాట్లు ఏర్పడ్డాయి. మార్పుకు ముందు పట్టిక మొత్తానికి నకలు తీసి ఉంచుతారు. తీయడంతో సరిపెట్టక, ఆ నకలు నుంచి పాత స్థితిని తిరిగి తేగలమో లేదో పరీక్షించి చూస్తారు. అసలు పట్టిక మీద కాక, ముందు నమూనా పట్టిక మీద ఆదేశాన్ని నడిపిస్తారు. ఏ షరతుతో మార్చదలచారో అదే షరతుతో ముందు ఆ వరుసలను బయటికి తీసి చూస్తారు, లెక్కిస్తారు. నాలుగు వేలు రావలసిన చోట నలభై వేలు వస్తే చేయి అక్కడే ఆగాలి. ఆ తర్వాత కూడా మార్పును ఒకేసారి ఖాయం చేయరు. ట్రాన్సాక్షన్ అనే ఏర్పాటులో మార్పు తాత్కాలికంగా నిలిచి ఉంటుంది. సరిచూసుకొని కమిట్ అంటే స్థిరపడుతుంది, రోల్‌బ్యాక్ అంటే ఏమీ జరగనట్టే వెనక్కి పోతుంది. కమిట్ అయిన తర్వాత వెనక్కి తిప్పే మాట లేదు, నకలే దిక్కు. లక్ష వరుసలుంటే వెయ్యేసి చొప్పున విడతలుగా మారుస్తారు. నడుమ కరెంటు పోయినా, యంత్రం ఆగినా ఎంతవరకు అయిందో తెలిసేలా గుర్తు పెట్టుకుంటారు. పాత విలువ ఏమిటి, కొత్త విలువ ఏమిటి, ఎవరు మార్చారు, ఎప్పుడు, ఏ ఉత్తర్వు మీద అన్నది వేరే పట్టికలో నమోదు చేస్తారు. మంచి ఇంజినీరు వరుసను తుడిచివేయడు. ‘నిలిపివేయబడినది’ అని గుర్తు మాత్రమే పెడతాడు. ఎర్ర సిరా గీత చేసిన పని కూడా ఇదే.

బ్యాంకుల లావాదేవీలలో ఈ కట్టుబాట్లు పాటించకపోతే ఒక్క పూట కూడా గడవదు. మన ఖాతాలోని పది రూపాయలకు ఉన్న ఈ రక్షణ మన పేరుకు ఎందుకు ఉండకూడదని మేము అడుగుతున్నాము.

అయితే ఈ సాంకేతిక జాగ్రత్తలన్నీ కలిసినా ఒక తప్పును పట్టుకోలేవు. షరతే తప్పయినప్పుడు నకలు సరిగానే ఉంటుంది, లెక్క సరిగానే వస్తుంది, నమోదూ సక్రమంగానే ఉంటుంది. ‘వాహనం ఉన్న కుటుంబం’ అని పట్టికలో రాసి ఉన్నవాడు నిజంగా వాహన యజమానా, లేక అదే పేరున్న మరొకడా అన్నది యంత్రానికి తెలియదు. ఆ సంగతి తెలిసినవాడు ఒక్కడే, ఆ కార్డుదారుడు. అతనిని అడగకుండా కమిట్ చేసిన మార్పు సరిచూడని మార్పే. నోటీసు, విచారణ అన్నవి ఈ పనికి వెలుపల ఉన్న న్యాయవాదుల లాంఛనాలు కావు. ఈ పనిలోనే చివరి తనిఖీ అవి.

ముస్లిం కుటుంబాలకు ఈ విషయం మరింత దగ్గరిది. కోస్తాలోనూ రాయలసీమలోనూ ‘షేక్’ అన్నది వేలాది కుటుంబాలకు ఇంటిపేరు. ఒకే వీధిలో ముగ్గురు షేక్ మస్తాన్లు, ఇద్దరు షేక్ మహబూబ్ బాషాలు ఉండడం వింత కాదు. కొందరికి తండ్రి పేరు కూడా కలుస్తుంది. మహమ్మద్ ఒక కాగితంలో మొహమ్మద్ అవుతాడు, మరొకదానిలో ఎండీ అని రెండక్షరాలకు కుదించుకుపోతాడు. స్త్రీల పేర్లలో ఒకచోట బీ, ఇంకొకచోట బేగం. ఉర్దూ నుంచి తెలుగులోకి, తెలుగు నుంచి ఆంగ్లంలోకి రాసుకుంటూ పోయిన ప్రతి గుమాస్తా తన చెవికి వినిపించినట్టు రాశాడు. ఇటువంటి పేర్లను పోల్చి జంటలు కట్టే ప్రోగ్రాం రెండు విధాలా పొరబడుతుంది. ఇద్దరు మనుషులను ఒకరనుకొని ఒకరిని తీసివేస్తుంది. ఒకే మనిషిని రెండు కాగితాలలో ఇద్దరనుకొని ‘సరిపోలలేదు’ అంటుంది. ఇందులో కుట్ర ఉన్నదని రుజువు లేకుండా మేము అనము. కుట్ర లేకపోయినా దెబ్బ పడేది పడుతూనే ఉంటుంది. దళితవాడలలో, వలసకూలీల కుటుంబాలలో ఇదే బాధ పడుతున్నవారు మనకు తోడుగా ఉన్నారన్నది కూడా మరువరాదు.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. నివాసం మారిందని గాని, అర్హత లేదని గాని ఓటరు పేరు తొలగించే ముందు ఆ వ్యక్తికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 22వ సెక్షన్ స్పష్టంగా చెబుతున్నది. ఇప్పటికే జాబితాలో ఉన్న పేరును నోటీసు, విచారణ లేకుండా తీసివేయరాదని 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ముప్పై ఏళ్ల తర్వాత బీహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణలో సుమారు 65 లక్షల పేర్లు ముసాయిదాకు ఎక్కలేదు. వాటిని కారణాలతో సహా వెల్లడించాలని 2025 ఆగస్టు 14న న్యాయస్థానం ఎన్నికల సంఘానికి చెప్పవలసి వచ్చింది. ఎవరి పేరు, ఏ కారణం చేత లేదన్న జాబితా సంఘం చేతిలో అప్పటికే ఉన్నది. బయట పెట్టడానికే కోర్టు కావలసి వచ్చింది.

కనుక ప్రభుత్వాలను మేము కోరేది పెద్ద కోరిక కాదు. మూకుమ్మడి మార్పు ఏదైనా ఖాయం చేయకముందు దాని షరతును, అది ఎన్ని పేర్లకు తగులుతున్నదన్న లెక్కను, గ్రామాలవారీగా ఆ పేర్లను గ్రామ పంచాయతీలోను, వార్డు కార్యాలయంలోను అంటించాలి. అభ్యంతరానికి గడువు ఇవ్వాలి. విచారణ ముగిసేదాకా ఆ కుటుంబానికి బియ్యం ఆగరాదు. పొరపాటు తేలితే దరఖాస్తు మళ్లీ పెట్టుకోమనకుండా పాత స్థితిని అధికారులే పునరుద్ధరించాలి. నకలు ఉన్నప్పుడు అది పెద్ద శ్రమ కాదు.

మన వైపు నుంచి చేయవలసిన పనీ ఉన్నది. కార్డు రద్దయినవారు సమాచార హక్కు చట్టం కింద ‘నా కార్డు ఎందుకు రద్దయింది’ అని మాత్రమే అడిగితే ‘అనర్హులు’ అన్న ఒక్క మాట జవాబుగా రావచ్చు. ఏ తేదీన, ఏ ఉత్తర్వు సంఖ్యపై మార్చారు, ఏ ప్రమాణాన్ని వర్తింపజేశారు, అదే ఉత్తర్వు కింద మన మండలంలో ఎన్ని కార్డులు మారాయి, నాకు పంపిన నోటీసు ప్రతి ఏది అని విడివిడిగా అడగాలి. నిర్ణయాలకు కారణాలను బాధితులకు తెలపడం ఆ చట్టంలోని 4(1)(డి) ప్రకారం అధికారుల బాధ్యత. జవాబుకు గడువు 30 రోజులు.

మస్జిద్ కమిటీలు, సంక్షేమ సంఘాలు విద్యార్థుల ఉపకార వేతనాలకు, జకాత్ పంపిణీకి ఎక్సెల్‌లో పట్టికలు నడుపుతున్నాయి. పక్క గడులను కలపకుండా పేర్ల వరుసను ఒక్కదానినే అక్షరక్రమంలో అమరిస్తే ఒకరి పేరు మరొకరి బ్యాంకు ఖాతా పక్కకు చేరుతుంది. ఏ మార్పుకైనా ముందు తేదీ పేరుతో ఒక నకలు తీసి ఉంచుకోవడం, మారిన తర్వాత వరుసల సంఖ్యను సరిచూడడం వారూ అలవరచుకోవాలి. పరులను అడిగే లెక్క మన ఇంట్లోనూ ఉండాలి కదా.

ఓటర్ల జాబితా ముసాయిదా వెలువడిన రోజుననే తమ పోలింగ్ కేంద్రం పుటలను దించుకొని, తేదీ వేసి దాచాలి. తుది జాబితా రాగానే రెంటినీ పేరు పేరునా పోల్చాలి. ఒక్కో కేంద్రానికి ఇద్దరు చదువుకున్న యువతీ యువకులుంటే ఒకటి రెండు సాయంత్రాలలో ముగిసే పని ఇది. లేని పేరు కనిపిస్తే ముందు బూత్ స్థాయి అధికారిని లిఖితపూర్వకంగా అడిగి రసీదు తీసుకోవాలి. నమోదు అధికారి ఉత్తర్వుపై జిల్లా మేజిస్ట్రేటుకు అప్పీలు చేసుకోవడానికి ఉన్న గడువు 15 రోజులు మాత్రమే.