చందా అడిగే ముందు లెక్క రాయాలి

ఆత్మహత్య చేసుకున్న కౌలు రైతుల కుటుంబాల కోసం ఆన్‌లైన్‌లో విరాళాలు సేకరిద్దామన్న ఆలోచన మన తోటి చిన్న స్వచ్ఛంద సంస్థల్లో తరచూ వస్తోంది. క్రౌడ్‌ఫండింగ్ అని పేరు కొత్తదే గానీ మనకు తెలిసిన చందానే అది. అయితే దేనికోసం అడుగుతున్నాం, ముందు ఎవరిని అడగాలి, ఎప్పుడు అడగాలి అన్నది తేల్చుకోకుండా ఫోన్లో లింకు పెడితే డబ్బూ రాదు, ఉన్న పేరూ పోతుంది.

ముందు, దేనికోసం? 2018 ఆగస్టులో మొదలైన రైతుబీమాలో 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. కానీ పట్టా పాసుపుస్తకం ఉండాలి. మన పత్తి చేలల్లో, మిరప తోటల్లో కౌలుకు చేసేవారికి అది ఉండదు. 2011 నాటి సాగుదారుల చట్టం కింద ఇవ్వాల్సిన రుణ అర్హత కార్డులను పాలకులు పక్కన పెట్టేశారు. ఇక మిగిలింది 2015లో వచ్చిన 194 జీవో. దాని ప్రకారం 5 లక్షల పరిహారం, అప్పుల పరిష్కారానికి మరో లక్ష రావాలి. అందుకు ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం నివేదిక, అప్పు కాగితాలు, కౌలు రుజువు కావాలి. ఆర్డీవో, పోలీసు అధికారి, వ్యవసాయ అధికారి ఉన్న త్రిసభ్య కమిటీ విచారణ జరగాలి. ఇంటిపెద్దను పోగొట్టుకున్న ఆడమనిషి ఈ ఆఫీసులన్నీ ఒంటరిగా తిరగగలదా?

ప్రభుత్వం ఇవ్వాల్సిన 6 లక్షల స్థానంలో మనం పది వేలు పోగేసి చేతిలో పెట్టి ఫొటో దిగితే పాలకులకే మేలు చేసినట్టు. పిల్లల ఫీజుకు, ఇంట్లో తిండి గింజలకు సాయం అవసరమే, కాదనను. కానీ చందాలో పెద్ద భాగం ఆ 6 లక్షలు రాబట్టే పనికి పోవాలని నా అభిప్రాయం. ఆ సంగతి విజ్ఞప్తిలోనే రాయాలి.

తర్వాత లెక్క. ఉదాహరణకు 25 కుటుంబాలు అనుకుందాం. ఒక్కో కుటుంబానికి బస్సు చార్జీలు, జిరాక్సులు, వెంట తిరిగే కార్యకర్త ఖర్చు, వకీలు ఫీజు కలిపి 6,000 వేసుకుంటే లక్షా 50 వేలు. ఆడిట్‌కు, రసీదులకు 20 వేలు. మొత్తం లక్షా 70 వేలు. ఈ లెక్క చూపకుండా పది లక్షలు కావాలని అడిగితే ఎవరు నమ్ముతారు?

మొదటి చందా ఊళ్ల నుంచే రావాలి. 300 మంది సభ్యులు తలా 200 ఇస్తే 60 వేలు. ఊరివాళ్లే ఇవ్వని పనికి పట్నంవాళ్లు ఎందుకిస్తారు? 2020-21లో ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు ఏడాదికి పైగా నిలబడ్డారంటే, వెనక పంజాబ్, హర్యానా పల్లెలు పంపిన పిండీ, పాలూ, చందాలూ ఉన్నాయి.

జూన్‌లో అడగొద్దు. అప్పుడు రైతు విత్తనాలకు, ఎరువులకే మిత్తికి తెస్తాడు. పత్తి డబ్బు చేతికొచ్చే డిసెంబరు, జనవరిలో సభ్యుల వంతు పూర్తి చేయాలి. ఫిబ్రవరి, మార్చిలో ఉద్యోగుల ముందుకు పోవాలి. సంస్థకు 80జి గుర్తింపు ఉంటే, పాత పన్ను విధానంలో ఉన్న దాతలకు మినహాయింపు వస్తుంది. అయితే 2,000 దాటి నగదుగా ఇస్తే రాదు.

విదేశీ డబ్బు విషయంలో జాగ్రత్త. భారత పౌరుడిగానే ఉన్న మన పిల్లవాడు అమెరికా నుంచి సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపితే అది విదేశీ విరాళం. ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేకుండా తీసుకోకూడదు. ఢిల్లీ పోరాటం నడుస్తుండగానే భారతీయ కిసాన్ యూనియన్ (ఏక్తా ఉగ్రహాన్)ను విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్ వివరాలు చూపమని బ్యాంకు అడిగింది. మనకు ఆ అవకాశం ఇవ్వొద్దు. ఖాతా సంస్థ పేరునే ఉండాలి, ఇద్దరి సంతకాలుండాలి. ఎవరి సొంత ఫోన్ నంబరుకూ డబ్బు రావొద్దు. ఆన్‌లైన్ వేదిక ఎంత కమీషన్ కోస్తుందో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

ఏడుస్తున్న తల్లి ఫొటో, పిల్లల మొహాలు పెట్టి డబ్బు అడగడం మానాలి. ఆ కుటుంబం రేపు అదే ఊళ్లో తలెత్తుకుని బతకాలి. పేరు చెప్పకుండానే ఆమె కాగితం ఏ ఆఫీసులో ఎన్నాళ్లుగా ఆగిందో రాయొచ్చు.

ఇది చేయాలంటే ముందు మండల కమిటీలు తమ పరిధిలో పరిహారం అందని కుటుంబాల జాబితా తయారు చేయాలి. ఎవరికి ఏ కాగితం తక్కువుందో పక్కన రాయాలి. ఆ జాబితానే మన విజ్ఞప్తి. చందా ముగిసిన నెలలోగా ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎన్ని ఫైళ్లు కదిలాయి అన్నది ప్రతి ఊరి సభలో చదివి వినిపించాలి. లెక్క విన్నవాడే మళ్లీ చందా ఇస్తాడు.