బిడ్డ కాలికి వెల కట్టేది పెద్దమనుషులు కాదు

నాయుడుపేట నుంచి పూతలపట్టు దాకా, తిరుపతి నుంచి మదనపల్లె దాకా రోడ్లు వెడల్పవుతున్నాయి. ఆ రోడ్ల వారనే మన యానాదుల గుడిసెలు, ఎరుకల కాలనీలు, సుగాలి తండాలు ఉన్నాయి. మన పిల్లోళ్లు బడికి పోవాలన్నా, నీళ్లకు పోవాలన్నా ఆ రోడ్డే దాటాల.

ఒకనాడు బండి తగిలి బిడ్డ కాలు పోతుంది. ఆసుపత్రి మంచం దగ్గరికే పెద్దమనుషులొస్తారు. ‘పిల్లోడే అడ్డమొచ్చినాడంట. ఏదో పదివేలు ఇప్పిస్తాం, కేసొద్దు’ అంటారు. కూలికి పోకుంటే పొయ్యి వెలగని ఆ అమ్మానాయన వేలిముద్ర వేస్తారు. వాళ్లను తప్పు పట్టొద్దు. కానీ చదువుకున్న తమ్ముడూ, చెల్లీ, ఆ రోజు ఆ కాగితం చదవగలిగేది నువ్వొక్కరే కావచ్చు. అందుకే ఈ మాట నీకు చెప్తున్నాం.

‘తప్పు బిడ్డదే’ అంటే బెదరొద్దు. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద ఎవరి తప్పో రుజువు చేయకుండానే తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు అడగొచ్చు. డ్రైవర్ తప్పును చూపించగలిగితే 166 కింద అంతకన్నా ఎక్కువ వస్తుంది. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో. 164 కింద డబ్బు ఒప్పుకుని తీసుకుంటే 166 కేసు రద్దవుతుంది. అడగకుండా సంతకం పెట్టనీయొద్దు. గుద్దిన బండి దొరక్కపోయినా తీవ్ర గాయానికి 50 వేలు ఉంది. దానికి ఆర్డీఓ, తహసీల్దార్ దగ్గర అర్జీ పెట్టాల.

అసలు బిడ్డ భవిష్యత్తు విలువెంత? పాత చట్టం పట్టికలో సంపాదన లేనివాళ్లకు ఏడాదికి 15 వేలు అని రాసుండేది. అదే లెక్క ఏళ్ల తరబడి పిల్లలకూ నడిచింది. 2012లో గుజరాత్‌లో 8 ఏళ్ల బాబు ప్రమాదంలో దెబ్బతిని 90 శాతం వికలాంగుడయ్యాడు. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ కేసులో ఒక మాట తేల్చింది: ప్రమాదానికి గురైన పిల్లల ఆదాయాన్ని నైపుణ్యమున్న కార్మికుడి కనీస వేతనంతో లెక్కగట్టాల. ఆ బాబు పరిహారం సుమారు 36 లక్షలకు పెరిగింది. అంతకుముందు 2020లో, పూర్తిగా మంచాన పడిన 12 ఏళ్ల పాపకు ఇదే కోర్టు 62 లక్షలు దాటి ఇప్పించింది. ఆమెను చూసుకునే ఇద్దరు మనుషుల కూలి కూడా అందులో లెక్కేసింది.

‘యానాది పిల్లోడు, పెద్దయినా కూలికే కదా పోయేది’ అనే లెక్క మన ఊళ్లలో ఇంకా నడుస్తోంది. కోర్టు లెక్కలో కులం లేదు. పదివేల కాగితంలోనే ఉంది.

కేసు తొందరగా తెగదు, నిజమే. గుజరాత్ బాబుకు 13 ఏళ్లు పట్టింది. అందుకే మొదటి రోజే గట్టిగా నిలబడాల. ఎఫ్ఐఆర్ కాపీ, గాయాల సర్టిఫికెట్, మందుల బిల్లులు, ఆసుపత్రికి తిరిగిన బస్సు టికెట్లు అన్నీ దాచు. గాయం మానినాక మెడికల్ బోర్డు దగ్గర వైకల్య సర్టిఫికెట్ తీసుకో. వయసు రుజువుకు బడి రికార్డు చాలాసార్లు పనికొస్తుంది. చట్టంలో రాసిన గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలలే. ఆలస్యం చేయొద్దు.

లాయరు ఫీజుకు భయపడొద్దు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్టీలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాల. 15100కు ఫోన్ చెయ్, లేదా చిత్తూరు, తిరుపతి కోర్టుల్లోని న్యాయ సేవల కార్యాలయానికి పో.

పోయిన కాలు డబ్బుతో తిరిగి రాదు. కానీ చక్రాల కుర్చీ వస్తుంది, చదువు నిలబడుతుంది. ఈసారి నీ కాలనీలో ఎవరి బిడ్డకైనా దెబ్బ తగిలితే, పెద్దమనుషుల కన్నా ముందు ఆ మంచం దగ్గర నువ్వుండాల.