కిందుగా ఎగిరితే భద్రమా?

1939 జూన్ 12న ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారి సెంచూరియన్ అనే నీటి విమానం కలకత్తాలో హుగ్లీ మీద దిగుతూ, ఈదురుగాలి విసురుకు నీళ్లలోకి ముక్కు గుచ్చుకుని మునిగిపోయింది. నాలుగు ఇంజన్లు, పడవలాంటి పొట్ట, నీళ్ల మీద వాలడానికే కట్టిన విమానం అది. 2024 నవంబర్ 9న చంద్రబాబు నాయుడు విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్‌లో వెళ్లాక మనవాళ్లలో నీటి విమానాల ముచ్చట మళ్లీ మొదలైంది. హుగ్లీ మీద, సుందరబన్ల మీద కూడా ఇలాంటివి తిరిగితే బాగుండుననుకునేవాళ్లు కలకత్తాలోనూ ఉన్నారు. టికెట్ ఎంతని అందరూ అడుగుతారు. ఎంత ఎత్తున ఎగురుతుందని అడగరు. కింద నీళ్లున్నాయి, ఎత్తు తక్కువ, పడినా పెద్ద దెబ్బ తగలదన్నది లోపలి ధీమా. ఆ ధీమాయే తప్పు.

ఇంజన్ ఆగిన చిన్న విమానం రాయిలా పడదు, జారుతూ దిగుతుంది. సుమారుగా అడుగు కిందికి దిగేలోపు తొమ్మిది అడుగులు ముందుకు పోతుంది. 3000 అడుగుల మీద ఉంటే ఎనిమిది కిలోమీటర్ల దూరం, నాలుగు నిమిషాలకు కాస్త తక్కువ సమయం చేతిలో ఉంటాయి. 300 అడుగుల మీదయితే దూరం 800 మీటర్లే, సమయం పాతిక సెకన్లు కూడా ఉండదు. ఆ కాసేపట్లోనే ఇంజన్ ఆగిందని పైలట్ గ్రహించాలి, ముక్కు దించి వేగం కాపాడుకోవాలి, గాలికి ఎదురు తిరగాలి, రేడియోలో కబురు చెప్పాలి, వెనకున్నవాళ్లను హెచ్చరించాలి. పైగా ఆ ఎత్తు నుంచి రేడియో మాట చేరేది నలభై కిలోమీటర్లకు అటూఇటూ. 3000 అడుగుల మీద ఉంటే దానికి మూడింతలు. నిబంధనలు 500 అడుగులకు ఒప్పుకుంటాయి కదా అనవచ్చు. అది అంతకంటే దిగవద్దని గీసిన గీత, అక్కడే ఎగరమని కాదు. 500 అడుగులంటే నలభై సెకన్లు.

ఇంజన్ బాగున్నా కన్ను మోసం చేస్తుంది. గాలి లేని రోజున నీళ్లు అద్దంలా ఉంటే, కింద యాభై అడుగులున్నాయో అయిదే ఉన్నాయో పోల్చుకోవడానికి ఆనవాలు దొరకదు. సుందరబన్లలో చలికాలపు మంచు కమ్మితే నీరూ ఆకాశమూ ఒకటే బూడిదరంగు. 1938 నవంబర్‌లో ఇరాక్‌లోని హబ్బానియా సరస్సు దగ్గర కాల్పర్నియా అనే మరో ఇంపీరియల్ విమానం, వాతావరణం బాగాలేనప్పుడు కిందికి దిగి సరస్సులోకే దూసుకుపోయింది. నలుగురు సిబ్బంది పోయారు.

సీప్లేన్ ఎక్కడైనా దిగగలదు కదా అన్నది గట్టి అభ్యంతరమే. కలకత్తాలో రెండు ఒడ్డుల వెంటా జనపనార మిల్లులూ ఇళ్లూ కిక్కిరిసి ఉంటాయి కాబట్టి, ఇంజన్ ఆగితే నదే గతి, ఒప్పుకోవలసిందే. కానీ ఆ నది ఖాళీగా ఉండదు. ఫెర్రీలు, ఇసుక పడవలు, తేలే గుర్రపుడెక్క, వంతెనలు, పోటు వేళ ఎదురొచ్చే అల, వేసవి సాయంత్రాల్లో కాలబైశాఖి గాలి. కింద అమర్చిన తేలుడు తొట్టి ఒకటి నీళ్లలో దిగబడితే చాలు, విమానం తలకిందులవుతుంది. ఇక పైలట్లు జాగ్రత్తగా ఉంటే సరిపోతుందనే మాట. 2017 నవంబర్ 7న ఫ్లోరిడా తీరంలో బేస్‌బాల్ ఆటగాడు రాయ్ హాలడే తన ఐకాన్ విమానంలో నీళ్లకు ఆనుకుని విన్యాసాలు చేస్తూ కూలి చనిపోయాడు. ఒంట్లో మందుల జాడ కూడా విచారణలో తేలింది, తప్పు ఆయనదేనందాం. అయినా అదే తప్పు పైన చేసి ఉంటే దిద్దుకునే వీలుండేది. కోస్ట్‌గార్డ్ కిందుగా ఎగురుతుందంటారా, వాళ్లది పడవలు వెతికే ఉద్యోగం. విహారయాత్రకు ఆ అవసరం ఏముంది?

సీటు కింద దాచిన లైఫ్ జాకెట్‌ను పాతిక సెకన్లలో తొడుక్కోవడం అయ్యే పని కాదు. ఎక్కేముందే నడుముకు కట్టాలి. గాలి మాత్రం బయటపడ్డాకే నింపుకోవాలి. 1996లో కొమొరోస్ దగ్గర సముద్రంలో దిగిన ఇథియోపియన్ విమానంలో చాలామంది లోపలే నింపుకుని, బయటికి రాలేక మునిగిపోయారు. తలకిందులైనప్పుడు తలుపు గడియ ఎటుంటుందో ప్రతి ప్రయాణికుడి చేత ముందే తడిమించి చూపాలి. ఎత్తు ఎక్కడానికి ఇంధనం, ఈ తర్ఫీదుకు సమయం, రెండూ ఖర్చే. సబర్మతి నుంచి 2020 అక్టోబర్ 31న ఆర్భాటంగా మొదలైన సీప్లేన్ సర్వీసు 2021 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది. ఇలాంటి వ్యాపారంలో మిగులు పలచన, కోత మొదట పడేది వీటి మీదే. అందుకే ఎంత ఎత్తున ఎగరాలో, ఏ నెలల్లో ఏ వేళకు ఆపాలో కంపెనీ ఇష్టానికి వదలకుండా, లైసెన్సులోనే రాయాలి.