మలుపులో పట్టేసే బ్రేకు

తిన్నని దారిలో హాయిగా సాగిపోయే సైకిలు కొన్నిసార్లు సందు మలుపు తిరగగానే మొరాయిస్తుంది. హ్యాండిలు సగం తిరిగి బిగుసుకుంటుంది. లేదా ఎవరూ మీట నొక్కకుండానే బ్రేకు రబ్బర్లు రిమ్మును పట్టుకుంటాయి. రెండూ ప్రమాదకరమే. మలుపులో సైకిలు ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. ఆ క్షణంలో హ్యాండిలు కావలసినంత తిరగకపోతే తొక్కే మనిషి ఆ పక్కకే పడిపోవచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ప్రతి 100 కుటుంబాలలో సుమారు 45 కుటుంబాలకు సైకిలు ఉన్నది. కనుక ఈ లోపాన్ని గుర్తుపట్టే నేర్పు ఇంటిలో ఒక్కరికైనా ఉండటం మంచిది.

బ్రేకు పట్టేస్తున్నదనగానే చాలామంది పానా తీసి దానిని వదులు చేస్తారు. రబ్బర్లు రిమ్ముకు దూరమై రాపిడి పోతుంది. జబ్బు నయమైనట్లే కనిపిస్తుంది. కాని అవసరం వచ్చిననాడు మీట హ్యాండిలుకు తగిలేదాకా నొక్కినా బండి ఆగదు. అసలు లోపం బ్రేకులో లేదు. బ్రేకుకు పోయే తీగ దారిలో ఉన్నది.

బ్రేకు తీగ నిజానికి రెండు వస్తువుల జంట. లోపల ఉక్కు పోగులతో పేనిన తీగ. దానిపైన ఉక్కు చుట్టలతో చేసి ప్లాస్టిక్ తొడిగిన గొట్టం. మెకానిక్కులు దీనిని ఔటరు అంటారు. 1896 నాటి బ్రిటిష్ పేటెంటు వలన ఈ అమరికకు ఎర్నెస్ట్ బౌడెన్ పేరు స్థిరపడింది. లోపలి తీగ లాగుతుంది. గొట్టం ఆ లాగుడుకు ఎదురు నిలుస్తుంది. గొట్టం రెండు కొసలూ తమ గూళ్లలో కదలక కూర్చున్నంతవరకే ఈ పని సవ్యంగా సాగుతుంది. ఒక కొస గూటి నుండి బయటికి వచ్చిందంటే, వచ్చినంత మేర లోపలి తీగ లాగబడి బ్రేకు తనంత తానే పడుతుంది.

ముందు బ్రేకు ఫోర్కుకు బిగించి ఉంటుంది, హ్యాండిలుతోపాటే తిరుగుతుంది. కనుక మీటకు, దానికి మధ్య దూరం మారదు. వెనుక బ్రేకు సంగతి వేరు. దాని గొట్టం ఒక కొస తిరిగే హ్యాండిలు మీద, రెండవ కొస కదలని ఫ్రేము మీద ఉంటుంది. అందుచేత మలుపులో వచ్చే బాధ సాధారణంగా వెనుక తీగదే. ముందు బ్రేకే పడుతూ ఉంటే, దాని తీగ వెనుక తీగతో మెలివేసుకున్నదేమో చూడాలి.

పరీక్ష సులభం. సైకిలును రెండు కాళ్ల స్టాండు మీద నిలిపి, వెనుక చక్రాన్ని చేతితో తిప్పి వదిలి, హ్యాండిలును ఈ కొస నుండి ఆ కొసకు నెమ్మదిగా తిప్పాలి. వెనుక తీగ ఎడమ మీట నుండి వస్తున్నదనుకుందాం. హ్యాండిలు కుడికి తిప్పినప్పుడు ఎడమ పిడి ముందుకు పోతుంది. అప్పుడు గొట్టం బిగిసి చక్రం ఆగితే గొట్టం పొట్టిదన్నమాట, లేదా హ్యాండిలు దగ్గర దానిని ఫ్రేముకు బిగించి కట్టారన్నమాట. ఎడమకు తిప్పినప్పుడు ఉచ్చులా ఉబ్బి బుట్టకో, దీపం పట్టీకో తగులుకుంటే గొట్టం మరీ పొడవు. తీగ కుడి మీట నుండి వస్తే ఈ లక్షణాలు తారుమారవుతాయి.

మొదట కట్లు విప్పి, తీగకు బుట్ట వెలుపలగా విశాలమైన వంపు ఇవ్వాలి. చాలాసార్లు ఇంతతోనే పని తీరుతుంది. అయినా పొట్టిగానే ఉంటే గొట్టాన్నీ తీగనూ కలిపి పొడవైనవి వేయాలి. పొడవు ఎక్కువైతే లోపలి తీగ తీసివేసి గొట్టాన్ని తిన్నగా కోసి, కొస ఆకురాయితో నునుపు చేసి, టోపీ తొడగాలి. నొక్కు పడి మడత పడిన గొట్టం, మీట దగ్గర ఒక్క పోగైనా తెగిన తీగ మరమ్మతుకు పనికిరావు, మార్చవలసిందే. గేరు తీగల కోసం నిలువు పోగులతో చేసిన గొట్టాన్ని బ్రేకుకు వాడరాదు. గట్టిగా నొక్కినప్పుడు అది చీలిపోవచ్చు.

పని పూర్తయ్యాక హ్యాండిలును రెండు కొసలకూ తిప్పి, ఒక్కొక్క చోట మీటను పూర్తి బలంతో నాలుగైదుసార్లు నొక్కి వదలాలి. నొక్కినప్పుడు చక్రం గట్టిగా నిలవాలి. వదలగానే స్వేచ్ఛగా తిరగాలి. ఈ రెండూ కుదిరిన తరువాతే సైకిలును రోడ్డెక్కించాలి.