రహదారులు, కాలువ గట్లపై చెట్ల మార్పిడి: ముందు నాటాలి, తరువాత తొలగించాలి

పెదకాకాని (గుంటూరు జిల్లా): రహదారుల వెంట, కాలువ గట్లపై, సముద్రతీర ఉద్యానవనాలలో పెరిగిన చెట్లలో కొన్నింటిని తొలగించి, వాటి స్థానంలో ఇతర జాతులను నాటే విషయం ఇటీవలి సంవత్సరాలలో తరచుగా చర్చకు వస్తున్నది. రహదారుల విస్తరణ, తుపానుల వల్ల కలిగిన నష్టం, విదేశీ జాతికి చెందిన కోనోకార్పస్‌పై వ్యక్తమవుతున్న ఆందోళన ఇందుకు ప్రధాన కారణాలు. చెట్టును తొలగించడానికి ఒక్క పూట చాలు. దానికి బదులుగా నాటిన మొక్క బాటసారికి నీడనివ్వడానికి సంవత్సరాలు పడుతుంది. ఈ రెండింటి మధ్య ఏర్పడే ఖాళీని ఏ విధంగా తగ్గించాలన్నదే నేడు అధికార యంత్రాంగం ముందున్న అసలు ప్రశ్న.

పెదకాకాని ఈ సమస్యను అర్థం చేసుకోవడానికి అనువైన ప్రాంతం. విజయవాడ, గుంటూరు నగరాల మధ్య 16వ నంబరు జాతీయ రహదారిని ఆనుకొని ఈ మండల కేంద్రం ఉన్నది. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చే వరకు ఇది 5వ నంబరు రహదారి. ఈ మార్గం తొలుత నాలుగు వరుసలుగా, ఆ తరువాత ఆరు వరుసలుగా విస్తరించింది. రహదారి వెడల్పు పెరిగిన ప్రతిసారీ అంచున ఉన్న పాత చెట్లకు చోటు తగ్గుతుంది. మరొకవైపు, ఉండవల్లి వద్ద కృష్ణానది నీటిని అందుకొని ఈ ప్రాంతం మీదుగా సాగే గుంటూరు ఛానల్ గట్లు ఉన్నాయి. శ్రీ భ్రమరాంబా మల్లేశ్వరస్వామి వారి దర్శనానికి వచ్చే భక్తులు, మిర్చి పంటను గుంటూరు యార్డుకు తరలించే రైతులు, కోతలకు వెళ్ళే కూలీలు ఎండ తీవ్రంగా ఉండే నెలలలోనే ఈ దారులలో ప్రయాణిస్తారు. వీరికి చెట్టు అలంకారం కాదు, అవసరం.

కోనోకార్పస్‌పై చర్చ

వేగంగా పెరగడం, ఏడాది పొడవునా పచ్చగా ఉండడం, తక్కువ నీటితో బతకడం, పశువులు పెద్దగా తినకపోవడం అనే లక్షణాల వల్ల కోనోకార్పస్ అనేక నగరాలలో రహదారి మధ్య విభాగినులపైన, ఉద్యానవనాలలోను విరివిగా నాటబడింది. ఈ ప్రజాతిలో ఒక జాతి అమెరికా, పశ్చిమ ఆఫ్రికా ఉష్ణమండల తీరాలకు, మరొకటి సోమాలియా, యెమెన్ ప్రాంతాలకు చెందినవి. దీని వేళ్ళు మురుగునీటి గొట్టాలను, భూగర్భ తీగలను దెబ్బతీస్తున్నాయని, పుప్పొడి వల్ల శ్వాసకోశ ఇబ్బందులు కలుగుతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. తెలంగాణలో 2022లో ఈ మొక్కను నాటడం నిలిపివేయాలని నిర్ణయించారు. గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధం విధించింది. ఆంధ్రప్రదేశ్‌లో అటవీ, పర్యావరణ శాఖల బాధ్యతలు గల ఉపముఖ్యమంత్రి శ్రీ పవన్ కళ్యాణ్ 2024 ఆగస్టులో వనమహోత్సవం సందర్భంగా కోనోకార్పస్‌ను విడిచి దేశీయ జాతులను నాటాలని ప్రజలకు విజ్ఞప్తి చేశారు.

అదే ఏడాది కాకినాడ నగరపాలక సంస్థ నగర రహదారులలోని కోనోకార్పస్ చెట్ల తొలగింపును చేపట్టినప్పుడు భిన్నాభిప్రాయాలు వెలువడ్డాయి. ఆరోగ్య కారణాల దృష్ట్యా తొలగింపు అవసరమని ఒక వర్గం వాదించగా, హాని ఎంతవరకు అన్నది శాస్త్రీయంగా నిర్ధారణ కాకముందే ఎదిగిన చెట్లను నరకడం సరికాదని మరొక వర్గం అభ్యంతరం తెలిపింది. ఈ రెండు వాదనలకూ సమాధానం ఇవ్వగల మార్గం ఒకటున్నది. కొత్తగా నాటడం వెంటనే ఆపివేయవచ్చు. ఉన్నవాటిని పూత రాకముందే కత్తిరిస్తూ పుప్పొడిని అదుపులో ఉంచవచ్చు. బదులు మొక్కలు నిలదొక్కుకున్న భాగాలలో మాత్రమే దశలవారీగా తొలగింపు చేపట్టవచ్చు. ఒక వీధిలోని చెట్లన్నీ ఒకే జాతివి అయినప్పుడు అన్నింటినీ ఒకేసారి తొలగిస్తే ఆ వీధి ఒక్కరోజులో ఎడారిగా మారుతుందన్న విషయాన్ని గమనంలో ఉంచుకోవాలి.

తీరం నేర్పిన పాఠం

చెట్లను కోల్పోవడం అంటే ఏమిటో విశాఖపట్నం 2014 అక్టోబరు 12న చవిచూసింది. హుద్‌హుద్ తుపాను తీరం దాటిన ఆ ఒక్క రోజున బీచ్‌రోడ్డు, కైలాసగిరి, ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాల పరిసరాలతో సహా నగరమంతటా అసంఖ్యాకంగా చెట్లు నేలకూలాయి. త్వరగా పెరిగి, మెత్తని కలప కలిగి, వేళ్ళు పైపైనే పరచుకొనే చెట్లు పెనుగాలికి నిలవడం కష్టం. కాలిబాటల సిమెంటు మధ్య చిన్న గుంతలో బందీ అయిన చెట్టు, అది ఏ జాతిదైనా, లోతుగా వేళ్ళూనలేదు. అందువల్ల సముద్రతీర ఉద్యానవనాలలో ఉప్పుగాలిని తట్టుకొనే తాటి, కొబ్బరి, పొన్న, గంగరావి వంటి జాతులకు, వాటి వేళ్ళకు చాలినంత మట్టికి ప్రాధాన్యం ఇవ్వవలసి ఉన్నది.

నిలుపగలిగిన చోట నిలపడమే మేలని చేవెళ్ళ ఉదాహరణ తెలుపుతున్నది. తెలంగాణలో 163వ నంబరు జాతీయ రహదారిపై అప్పా కూడలి, మన్నెగూడ మధ్య సుమారు 900 మర్రిచెట్లు ఉన్నాయి. విస్తరణలో వీటిని తొలగించే ప్రతిపాదనపై పౌరులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించారు. ఆ తరువాత అత్యధిక భాగం చెట్లు యథాస్థానంలో ఉండేలా రహదారి నమూనాను సవరించారు. రహదారి గీతను కాగితంపై జరపడం సులభం. తరాల నాటి మర్రిని మరొకచోట బతికించడం కష్టం, ఖర్చుతో కూడినది.

నిబంధనలు ఏమి చెబుతున్నాయి

2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) చెట్ల నరికివేతకు ముందస్తు అనుమతిని తప్పనిసరి చేయడంతో పాటు, నరికినవాటికి ప్రతిగా మొక్కలు నాటే బాధ్యతను గుర్తుచేస్తున్నది. కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రకటించిన హరిత రహదారుల విధానం జాతీయ రహదారి ప్రాజెక్టుల వ్యయంలో ఒక శాతాన్ని మొక్కల పెంపకానికి, నిర్వహణకు కేటాయించాలని సూచించింది. కనుక చట్టం లేకపోవడం ఇక్కడ సమస్య కాదు. జాతీయ రహదారి ఒక సంస్థది, గ్రామీణ రహదారి మరొక శాఖది, కాలువ గట్టు జలవనరుల శాఖది, వీధి పంచాయతీది. నాటిన సంస్థ ఒకటి, నీరు పోయవలసినది మరొకటి, తీగల కోసం కొమ్మలు నరికేది ఇంకొకటి అయినప్పుడు మొక్కకు యజమాని కరవవుతాడు. ప్రతి వరుసకు మొదటి మూడు సంవత్సరాల పాటు ఒకే బాధ్యుడిని లిఖితపూర్వకంగా నిర్ణయించడం ఇందుకు తగిన పరిష్కారం.

స్థలానికి తగిన చెట్టు

పెదకాకాని పరిసరాలలోని నల్లరేగడి నేల వేసవిలో నెర్రెలు విచ్చి, వర్షాకాలంలో నీటిని పట్టి ఉంచుతుంది. ఈ స్వభావాన్ని తట్టుకొనే జాతులనే ఎంచుకోవాలి. కాలువ గట్ల వెంట తేమను ఇష్టపడే కానుగ, నేరేడు, తెల్లమద్ది అనువైనవి. వీటి వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి. అయితే వయసు మీరి, పుచ్చిపోయిన పెద్ద చెట్టు గాలికి కూలినప్పుడు వేళ్ళతో సహా గట్టును పెళ్ళగించే ప్రమాదం కూడా ఉన్నది. అందువల్ల నీటి అంచును విడిచి, గట్టు బయటి వాలు దిగువన నాటడం, పూడిక తీసే యంత్రాలు తిరిగే బాటను ఖాళీగా ఉంచడం మంచిది.

రహదారి పక్కన తగినంత స్థలం ఉన్నచోట వేప, చింత, రావి పెంచవచ్చు. విద్యుత్ తీగల కింద వీటిని నాటితే ఏటా కొమ్మలు నరకవలసి వస్తుంది కనుక అక్కడ పొట్టి జాతులు చాలు. రహదారి మధ్య విభాగినిపై చెట్టుకన్నా పొద మేలు. ఎదురు వాహనాల దీపకాంతిని అడ్డుకోవడమే అక్కడ ప్రధాన ప్రయోజనం. గన్నేరు, నందివర్ధనం, కాగితం పూల మొక్కలు ఆ పనిని చేయగలవు.

ఈ పద్ధతిలో చూసినప్పుడు తొలగింపు కార్యక్రమం క్రమం కూడా స్పష్టమవుతున్నది. ముందుగా రహదారి వెలుపలి అంచున, గట్టు దిగువన బదులు వరుసను తొలకరిలో నాటాలి. రెండు వేసవులు గడిచి మొక్కలు నిలదొక్కుకున్న తరువాత ఆ భాగంలోని పాత వరుసను తొలగించాలి. ఒరిగిపోయిన, పుచ్చిన, మురుగుకాలువను మూసివేసిన చెట్ల విషయంలో మాత్రం ప్రజల భద్రత దృష్ట్యా జాప్యం పనికిరాదు. వాటిని వెంటనే తొలగించి, ఆ వానాకాలంలోనే బదులు నాటాలి.

లెక్క ఎలా చూడాలి

వనమహోత్సవాన్ని 1950లో నాటి కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రి కె.ఎం.మున్షీ ప్రారంభించిన నాటి నుంచి మొక్కలు నాటడం దేశమంతటా ఒక సంప్రదాయంగా స్థిరపడింది. రాష్ట్రంలోనూ 2016లో ‘వనం–మనం’, 2020లో ‘జగనన్న పచ్చతోరణం’ పేర్లతో ప్రభుత్వాలు విస్తృత కార్యక్రమాలు నిర్వహించాయి. ప్రతి కార్యక్రమంలోనూ నాటిన రోజు సంఖ్య పత్రికలలో వస్తుంది. మూడవ వేసవి తరువాత మిగిలిన సంఖ్య కూడా అంతే ప్రాముఖ్యంతో వెలువడినప్పుడే పునఃస్థాపన జరిగినట్లు భావించవచ్చు. నరికిన ఒక చింతచెట్టుకు బదులుగా పది మొక్కలు నాటినట్లు పద్దులో రాసి, అందులో తొమ్మిది ఎండిపోతే మిగిలినది ఒక చిన్న మొక్క మాత్రమే.

కావున చెట్ల తొలగింపునకు అనుమతి కోరే ప్రతి ప్రతిపాదనలోను బదులు నాటే స్థలం, జాతి, నీటి వసతి, కంచె, మూడేళ్ళ బాధ్యుడి వివరాలు పొందుపరచడం అవసరం. ఆ వివరాలను పంచాయతీ, నగరపాలక కార్యాలయాలలో ప్రదర్శిస్తే ప్రజలు, పాత్రికేయులు స్వయంగా వెళ్ళి సరిచూసుకోగలుగుతారు. మిర్చి బస్తాలతో యార్డుకు బయలుదేరిన రైతు ఏప్రిల్ ఎండలో బండి నిలుపుకొనేందుకు దారిలో ఎన్నిచోట్ల నీడ దొరుకుతున్నదన్నదే ఈ కార్యక్రమాల ఫలితానికి నిజమైన కొలమానం.